నాలుగు వేళ్ల దూరం

"తగ్గావు బావా," అన్నాడు యలమంద. "ఒళ్లు కాదు, పొడుగు. అరవై దాటాక మనిషి ఏడాదికి వేలెడు కుంచించుకుపోతాడంట. ఇక నీ చెయ్యి దానికేం అందుద్ది?"

పరుపు మీద వెల్లకిలా పడి ఉన్న దైవాధీనం గోడ పైన ఎర్ర రంగు వేసిన చేతిపట్టు వంకే చూస్తున్నాడు. ఈసారీ చెయ్యి దానికి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది.

గుడివాడ చుట్టుపక్కల ఎటు తవ్వినా బంకమట్టే. గులకరాయి కావాలన్నా లారీ మీద రావాలి. అలాంటి చోట ముగ్గురు ముసలాళ్లు బండలెక్కుతామని తయారయ్యారంటే అది బుద్ధి తక్కువ కాక మరేమిటి? వయసులో ఉండగా సెలవు దొరికితే చాలు, కొండపల్లి పోయి రాళ్లకు వేలాడేవాళ్లు. మోకాళ్లు మొరాయించాక, మూతపడిన యలమంద రైస్ మిల్లులోనే గోడకి ప్లైవుడ్ కొట్టించి, రాళ్లలాంటి పట్లు బోల్టులతో బిగించుకున్నారు. తాడూ గీడూ ఉండదు. పడితే కింద పరుపులున్నాయి. దీన్ని బౌల్డరింగ్ అంటారని చెబితే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మిల్లులో పేకాట నడుస్తోందనే అనుకుంటున్నారు.

మిగతా ఇద్దరికీ ఈ పిచ్చి అంటించింది దైవాధీనమే. డ్రిల్లు మాస్టారుగా రిటైరై పెడనలో ఉంటున్నాడు. శనివారం పొద్దున్నే రైలెక్కి వచ్చేస్తాడు. అతని తిండి సంగతి హరిబాబు చూస్తాడు. కృత్తివెన్నులో రొయ్యల చెరువులున్న మనిషి కదా, రొయ్యలకి మేత చూసినట్టే మాస్టారికీ చూస్తాడు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం కొరమీను, రాత్రికి గుడ్డులో తెల్లసొన. నెయ్యి పేరెత్తకూడదు. యలమంద మాత్రం వారం వారం బందరు లడ్డూల పొట్లం తెచ్చి, సరిగ్గా ఎక్కబోయే ముందు విప్పుతాడు.

"చేతనైతే సాయం చెయ్యండి, లేకపోతే ఊరుకోండి," అన్నాడు హరిబాబు. "గోడ కట్టిన కొత్తలో మీరొక్కరే దాన్ని ముట్టుకున్నారని ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటున్నారు. మాస్టారికి అందకూడదనా ఈ లడ్డూలు?"

"నేను నిలబడి చెయ్యెత్తానంతే, అందేసింది. అంతా ఎముక పుష్టి," అని యలమంద మీసం దువ్వుకున్నాడు.

నిరుడు భార్య అన్నమ్మ పోయాక దైవాధీనం మంచం దిగలేదు. కూతురు నిస్సీ బందరు తీసుకెళ్లి పరీక్షలన్నీ చేయించింది. జబ్బేమీ లేదు, మనిషికే లేవాలని లేదన్నారు. అప్పుడు వీళ్లిద్దరూ వెళ్లి, చొక్కా కూడా మార్చుకోనివ్వకుండా కారులో వేసుకుని మిల్లుకి తెచ్చి పడేశారు. అతను చాలాసేపు గోడ వంక చూశాడు.

"సరే. ఆ ఎర్రదాన్ని ఒక్కసారి ముట్టుకుంటాను. ఆ తర్వాత నన్నొదిలెయ్యండి. అన్నమ్మ దగ్గరికి వెళ్లిపోతాను," అన్నాడు.

"వెళ్లేటప్పుడు నీ బండలెక్కే బూట్లు ఇచ్చేసి వెళ్లు బావా. నా సైజే," అన్నాడు యలమంద.

ఆ తర్వాత ఒక్క శనివారమూ తప్పలేదు. దైవాధీనం పొట్ట పోయింది. చేతుల మీద నరాలు తేలాయి. ఇంటి గుమ్మానికి కమ్మీ వేయించుకుని, పాలవాడొచ్చినా దిగకుండా వేలాడుతున్నాడు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, అతను ముందు బెంచీ అంచు పట్టుకుని వేళ్లకి కసరత్తు చేస్తున్నాడని నిస్సీకి ఫిర్యాదు కూడా వెళ్లింది. ఇంత చేసినా ఆ నాలుగు వేళ్లూ తగ్గవు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

ఇప్పుడు పరుపు మీద నుంచి లేచి పట్టు జారకుండా చేతులకి చాక్ పొడి రాసుకున్నాడు.

"రేపు అన్నమ్మ ఏడాది జ్ఞాపకార్థ కూడిక," అన్నాడు. "ఇవాళ ముట్టుకుని తీరాలి."

యలమంద పొట్లం విప్పాడు. దైవాధీనం దాన్ని పక్కకి నెట్టి, కళ్లద్దాలు తీసి హరిబాబు చేతికిచ్చాడు. అద్దాలు లేకపోతే అతనికి గోడంతా మసక, పైనున్నది ఎర్రటి మరక.

ఎక్కాడు. ఎప్పుడూ జారిపోయే చోట కాలు జారలేదు. యలమంద పొట్లం మడిచేశాడు. దైవాధీనం ఒళ్లంతా సాగదీసి చెయ్యి విసిరాడు. నాలుగు వేళ్లు కాదు, రెండు కాదు, వేలి కొస ఎర్ర రంగుకి తగిలీ తగలనట్టు వెళ్లి, మనిషి దబ్బున పరుపు మీద పడ్డాడు.

హరిబాబు వంగి అద్దాలు మాస్టారి చేతిలో పెట్టాడు.

"తగిలిందా?" అన్నాడు యలమంద.

"లేదు," అని దైవాధీనం లేచి కూర్చున్నాడు. మొహం ఎర్రబడిపోయింది. "పొడుగు తగ్గానంటావా? ఎడంకాలు ఇంకాస్త పైన వేసి లేస్తే చాలు. వచ్చే శనివారం చూడు దాని సంగతి. ఆ లడ్డూ ఇటు పారెయ్యి, ఆకలేస్తోంది."

"మరి రేపు మా చెల్లెలికి ఏం చెప్తావ్?"

"ఇంకో వారం ఆగమంటాను."

రెండు లడ్డూలు తిని, మూడోది జేబులో వేసుకుని, యలమందని నాలుగు తిట్టి, రైలుకి టైమైందని ఆటో ఎక్కాడు.

ఆటో మలుపు తిరిగేదాకా చూసి, హరిబాబు నిచ్చెన తెచ్చి గోడకి ఆనించి గట్టిగా పట్టుకుంటే, యలమంద స్పానర్ తీసుకుని పైకెక్కి, మాస్టారి చెయ్యి దగ్గరికొచ్చినప్పుడల్లా ఇన్నాళ్లుగా చేస్తున్నట్టే, ఆ ఎర్ర పట్టుని ఊడదీసి ఇంకో నాలుగు వేళ్లు పైకి బిగించాడు.