మధ్యరకం ప్లేట్లు

“రెండుకి తోక ఏదయ్యా? సున్నా చూడు, సొట్టపోయిన గిన్నెలా ఉంది. ఎవడు రాశాడు ఈ అంకెలు?”

బోర్డుల మేస్త్రీ బరువులెత్తే కడ్డీకి తొడిగే నల్ల రబ్బరు ప్లేటు మీది ఇరవైని గోటితో గీకి చూశాడు. తెల్లరంగు పొట్టులా రాలింది. బతుకంతా దుకాణాలకి బోర్డులు రాసిన చెయ్యి ఆయనది. వంకర అంకె కనిపిస్తే చాలు, ఒళ్లు మండిపోతుంది.

“నాన్నా, మనం కొనేది బరువు, బోర్డు కాదు,” అంది కూతురు తల పట్టుకుని.

సేల్స్‌మన్ నవ్వాడు. “మధ్యరకం కదా బాబాయ్, అంకె పైపైన అద్దుతారు. అదిగో, ఆ ఖరీదైనవాటికైతే రబ్బరులోనే అచ్చుపోసి ఉంటుంది. బరువుకో రంగు కూడా. చవకరకం మాత్రం వద్దు, నాలుగుసార్లు కిందపడితే పగులుతుంది.”

“అన్నీ ఒకే సైజులో ఉన్నాయేం?”

“రబ్బరు ప్లేట్లంతే. బరువెంతైనా చుట్టుకొలత ఒకటే. మందం కాస్త అటూ ఇటూ.”

“రంగులవే తీసుకుందాం నాన్నా. తేడా కాస్తేగా!”

“మధ్యరకం చాలు. నువ్వెళ్లి ఆటో మాట్లాడు. నువ్వు పక్కనుంటే బేరం తెగదు. ఇరవై కిలోలవి రెండు, అంతేనా?”

“అంతే. సెలక్షన్లో పెట్టేవి అవే. అవి నెత్తిమీదికి లేపానా, ఉద్యోగం నాదే!” అంటూ గంతులేసుకుంటూ వెళ్లింది.

ఆ ఉద్యోగం ఫైరింజన్‌ మీద. దాని పేరెత్తితే ఇంట్లో రణరంగమే. ఎందుకు కాదు మరి? పెద్దకొడుకు అందులోనే చేరాడు. గోడౌన్ తగలబడుతుంటే లోపలికి వెళ్లినవాడు మళ్లీ బయటికి రాలేదు. “ఒకణ్ణి మింగింది చాలదా?” అని తల్లి గుండెలు బాదుకుంది. మేస్త్రీ అయితే కూతురితో మాటలే మానేశాడు. పిల్ల మొండిఘటం. ఈ ఏడు దాటితే వయసు దాటిపోతుందని, అన్న వదిలిపోయిన కడ్డీకి ఇసుక సంచులు కట్టి లేపడం మొదలుపెట్టింది. ఓ పొద్దున ఆయనే మెత్తబడ్డాడు. “ఆ సంచులేమిటే, నడుం విరగ్గొట్టుకుంటావు. పద, మంచివి కొనిస్తా,” అన్నాడు. తల్లి నోరెళ్లబెట్టింది.

గోనెలో చుట్టించిన ప్లేట్లు తిన్నగా ఇంటికి రాలేదు. “ఆ వంకర అంకెల్ని నా గడప తొక్కనివ్వను,” అని మేస్త్రీ వాటిని తన షాపుకి పట్టుకుపోయాడు. రంగు ఆరాక తెచ్చాడు. రెండుకి చక్కని మెడ వంపు, సున్నా నిండు చందమామ.

“నీ పిచ్చి పాడుగాను! వీటిక్కూడానా?” అని తల్లి ఎంతకాలానికో నవ్వింది.

పిల్ల రోజూ కడ్డీ పట్టింది. మొదట్లో మోకాలు దాటేది కాదు. తర్వాత గుండెల దాకా వచ్చింది. ఓ సాయంత్రం నెత్తిమీదికి లేచి నిలబడింది.

“నాన్నా! ఇరవైలు! రెండూ!”

గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. “నా బంగారమే,” అన్నాడు.

సెలక్షన్ రోజున కడ్డీ గుండెల దగ్గరే ఆగిపోయింది. పళ్లు బిగబట్టింది. కడ్డీ ధడాలున కిందపడింది. రెండోసారీ అంతే. అధికారి తల అడ్డంగా ఊపి తర్వాతివాళ్లని పిలిచాడు.

“ఇంట్లో లేచేదిగా నాన్నా! రోజూ లేచేది! ఇవాళ నా చేతులకేం మాయరోగం వచ్చింది?” అని తండ్రి భుజం మీద పడి ఏడ్చింది.

“గాభరా పడ్డావమ్మా. అంతే.”

“కాదు. అన్నయ్యకున్న గుండె నాకు లేదు. నేను ఉత్త డొల్లని.”

మేస్త్రీ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాడు. ఆ రాత్రి తల్లి మాత్రం కడుపునిండా అన్నం తింది.

కూతురిప్పుడు షాపులో కూర్చుంటోంది. గలగలమనే పిల్ల, అడిగినదానికి తప్ప పలకదు. ప్లేట్లు రంగు డబ్బాల కింద పీటలయ్యాయి. నిన్న డబ్బా జరిపి, కారిన రంగుని గుడ్డతో తుడుస్తూ అంది, “ఏమైనా అంకె మాత్రం భలే రాశావు నాన్నా.”

మేస్త్రీ తల ఎత్తలేదు.

ఆ రోజు ప్లేట్ల దుకాణంలో ఆయన కొన్నవి పదిహేనులు.