తకావీ బావి

"బావి యాడున్నదిర?"

మూడోసారి అడిగి, జవాబు రాకముందే పోలీసు అమీను తుపాకీ మడమతో బుగ్గయ్య చేతి మీద కొట్టాడు. రెండు వేళ్లు విరిగాయి.

ఆ ఎండాకాలం ఇబ్రహీంపట్నం తాలూకాలో సంఘం వాళ్లు ఒక పక్క, రజాకార్లు ఒక పక్క. మధ్యలో నిజాం సర్కారు లెవీ ధాన్యమంటూ ఊళ్ల మీద పడింది. అమీను, శిస్తు లెక్కలు చూసే గిర్దావరు పదిమంది జవాన్లతో పొద్దున్నే వచ్చి ఇల్లిల్లూ సోదా చేశారు. గాదెలు పగలగొట్టారు. అడ్డమొచ్చిన ముసలి ఎంకమ్మను గోడకేసి కొట్టారు. ఇంత చేస్తే దొరికింది రెండు మూటల జొన్నలు. ఈసారి పంట పోయింది సాబ్ అన్నారు ఊరివాళ్లు.

ఆ మంట ఎవరో ఒకరి మీద చల్లారాలి కదా. గిర్దావరు రైతుల అప్పులు రాసే తకావీ రిజిస్టరు తెరిచాడు. బావి తవ్వుకోమని బుగ్గయ్యకు సర్కారు రెండు వందల హాలీ రూపాయలు ఇచ్చి రెండేళ్లయింది. బావి చూపిస్తే సగం మాఫీ. చూపించకపోతే ఎడ్లు జప్తు.

"తవ్వలే సాబ్. పైసలు తాగిన" అన్నాడు బుగ్గయ్య.

జవాన్లు పొలం తిరిగొచ్చారు. గుట్ట కింద రాళ్లు, కంపకుప్ప తప్ప ఏమీ లేవన్నారు. గట్లు మాత్రం బాగా ఎత్తు పోసుకున్నాడని ఒకడన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

గిర్దావరు కళ్లు ఇంటి దూలానికి వేలాడుతున్న తోలు మోట మీద పడ్డాయి. కొత్త తోలు. ఒక్కసారైనా నీళ్లలో తడిసినట్టు లేదు.

"బావి లేనోనికి మోట ఎందుకుర?"

"ముందుగాల గదే కొన్న సాబ్. మిగిలిన పైసలు కల్లుకు పోయినయ్."

సాక్షుల్ని పిలిచారు. పక్క పొలం నూరుద్దీన్ అల్లా మీద ఒట్టేసి, వీడు తట్టెడు మట్టి తీయలేదన్నాడు. గోపయ్య బిడ్డ మీద ఒట్టేసి అదే మాటన్నాడు. ఎవరినైనా కొడుతుంటే ఊరంతా పోయి కాళ్ల మీద పడే ఊరది. ఆ రోజు ఒక్కరూ కదల్లేదు. ఏం మనుషులో!

భార్య సక్కుబాయి వచ్చింది. బతిమాలుతుందనుకున్నారు. మొగుడి ముందు తుపుక్కున ఉమ్మేసి, "కొట్టుండ్రి సాబ్. పిల్లల నోటికాడిది తిన్నడు" అని వెనక్కి తిరిగింది.

చింతబరికెలు విరిగేదాకా కొట్టారు. వీపు చీరుకుపోయింది. నెత్తురు నడుం దిగి గోచీ తడిపింది. అయినా బుగ్గయ్య ఏడవలేదు. ఎడ్లను విప్పినప్పుడే ఏడ్చాడు. రెండూ వాడి చేతుల్లో పెరిగిన దూడలు. తెల్లది మెడ తిప్పి వాడి వైపే చూస్తోంది.

"ఆఖరు మాట. బావి చూపియ్యి, ఎడ్లను ఇడుస్త" అన్నాడు అమీను.

బుగ్గయ్య ఎడ్లను చూశాడు. ఊరివాళ్లను చూశాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు.

"లేని బావి యాడికెంచి తేవాలె సాబ్?"

అమీను బూటుకాలితో దవడ మీద తన్నాడు. బుగ్గయ్య పడ్డాడు, మళ్లీ లేవలేదు. జవాన్లు ఎడ్లను తోలుకుపోయారు.

వాళ్లు గుట్ట మలుపు తిరిగాక సక్కుబాయి పరుగున వచ్చి వాడి తల ఒళ్లోకి తీసుకుంది. కొంగు చింపి వేళ్లకు కట్టింది. ఏడుపు ఆపుకోలేకపోయింది. బుగ్గయ్య కళ్లు తెరిచి నూరుద్దీన్‌ను వెతుక్కున్నాడు.

"జర పోయి సూసిరా అన్నా" అన్నాడు.

నూరుద్దీన్ గుట్ట కిందికి ఉరికి కంపకుప్ప పక్కకు లాగి తొంగిచూశాడు: ఊరంతా కలిసి తవ్వినా చుక్క నీరు పడని బుగ్గయ్య బావిలో, ఊరందరి ఏడాది గింజలు పోసినవి పోసినట్టే ఉన్నాయి.