ఒకటే వాకిలి

చేనుగట్టు కింద ఎలుకలన్నిటికీ నల్లమూతి అనే ఎలుక కొత్త కలుగు కట్టింది. లోపల నున్నటి గదులు, బయటికి ఒకటే వాకిలి.

"పాము దూరితే పిల్లల్ని తీసుకుని ఎటు పోవాలి నాయనా?" అని ముసలి చుంచమ్మ అడిగింది.

"ఇంకో కన్నం పెడితే అందం చెడుతుందమ్మా!" అని నల్లమూతి నవ్వేసింది.

తొలకరి రోజున వాకిట్లో బుస వినిపించింది. కలుగంతా చీకటైపోయింది. ఎలుకలు చివరి గదిలో ఒకదాని మీదొకటి పడ్డాయి. నల్లమూతి గోడ తవ్వింది. గోళ్లు ఊడినా ఆగలేదు. చివరికి మట్టి విరిగిపడింది, పిల్లలు బయటపడ్డాయి. వాటిని వెనకనుంచి తోస్తూ ఉండిపోయిన చుంచమ్మ మాత్రం రాలేదు.

మరో గట్టు కింద మళ్లీ కట్టమని ఎలుకలన్నీ అడిగాయి.

"మీకు దేనికి భయమో ముందు చెప్పండి," అంది నల్లమూతి.