తగువు బీడు

"జనాన్ని పక్కకి తప్పించండి. ఒక్క చాలు దున్నుకుని పోతాను," అన్నాడు ఓర్లిన్, ట్రాక్టర్ దిగకుండానే.

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నర. ట్రాక్టర్ వెనక నాగలి తగిలించి ఉంది. ఎదురుగా సైన్సు టీచరు మేరిట్ రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది. ఆమె వెనక, రెండ్రోజులు ప్రెయిరీ అనే ఆ సహజమైన పచ్చికబీటి గడ్డినీ పూలనీ చూసి నేర్చుకోవడానికి వచ్చిన నలభై మంది టోపీలు సర్దుకుంటున్నారు.

"ఓర్లిన్ గారూ, ఇది ఎన్నడూ నాగలి చూడని నేల. ఒక్కసారి గడ్డ తిరగబడితే మన మనవల కాలానికైనా ఈ గడ్డి మళ్ళీ రాదు. ఆర్డిస్ గారు తిరిగి చూసుకోమన్నారు కాబట్టే వచ్చాం."

"నేననేదీ అదే! రండి రండి అని ఊరందరినీ పిలవడానికి ఇది ఆవిడ సొమ్మా? రేపటినుంచి దీన్ని ఆర్డిస్ పొలం అంటారు. ఒక్క చాలు పడితే ఎవరిదో తెలిసొస్తుంది."

ఆవిడంటే పరాయిది కాదు, సొంత అక్క. ఇరవై అడుగుల దూరంలో కాఫీ బల్ల దగ్గర రూబార్బ్ కేకు ముక్కలు కోస్తోంది. తల ఎత్తలేదు.

తల్లి పోయాక పొలం పంచుకున్నప్పుడు ఈ ఇరవై ఎకరాలూ నావంటే నావన్నారు అక్కా తమ్ముడూ. తగువు తేలేదాకా ఎవరూ నాగలి పెట్టకండని చర్చి పాస్టరు చెప్పాడు. అది తేలనూలేదు, వాళ్ళు నలభై మూడేళ్ళుగా మాట్లాడుకోనూలేదు. రోడ్డు మీద ఎదురుపడితే మాత్రం పలకరింపుగా స్టీరింగు మీంచి చెరో వేలు ఎత్తుతారు. పగవాడికైనా ఆ వేలు ఎత్తనివాణ్ణి ఆ కౌంటీలో మనిషికింద జమకట్టరు. 'నాదని నాకు తెలుసు, కొలతెందుకు?' అంటూ తిరిగాడు ఓర్లిన్. కొలిస్తే అక్కదని తేలుతుందేమోనని లోపల బెంగ.

నగరం నుంచి వచ్చిన ముసలావిడ ఒకామె కర్ర పొడుచుకుంటూ ట్రాక్టర్ దగ్గరికి వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి.

"ఈ నేల ఎవరిది బాబూ? మీదేనా?"

"నాదే!" అన్నాడు ఓర్లిన్, కాఫీ బల్లదాకా వినపడేలా.

"అయితే ఒక్కసారి దిగండి. మీకొకటి చూపించాలి."

పెద్దావిడ పిలిస్తే రానని ఎలా అంటాడు? ఇంజన్ ఆపి దిగాడు. ఆమె గడ్డిలోకి పది అడుగులు నడిపించి కర్రతో చూపించింది. మోకాలెత్తు కాడ మీద ఎర్రటి లిల్లీ ఒకటి, ఆకాశంకేసి విచ్చుకుని ఉంది.

"మా నాన్నకి పొలానికి అన్నం పట్టుకెళ్తూ వీటి మధ్యనుంచి నడిచేదాన్ని. మా నాన్న దున్నేశాడు. చుట్టుపక్కలవాళ్ళూ దున్నేశారు. డెబ్భై అయిదేళ్ళయింది దీన్ని చూసి. పోయేలోగా మళ్ళీ చూస్తాననుకోలేదు." ఆమె అతని గ్రీజు చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "మీ మేలు మరిచిపోలేను బాబూ."

"నేనేం చెయ్యలేదమ్మా," అన్నాడు ఓర్లిన్. అబద్ధం కాదది.

"అదే కదా! అందరూ ఏదో ఒకటి చేశారు. మీరొక్కరే ఏమీ చెయ్యలేదు."

అది విని తక్కినవాళ్ళూ వచ్చారు. ఒక్కొక్కరూ చెయ్యి కలిపి థాంక్స్ చెప్పారు. పుట్టిబుద్ధెరిగాక అంతమంది చేత థాంక్స్ చెప్పించుకోలేదు ఓర్లిన్. ఇన్నేళ్ళు మొక్కజొన్న పండించినా ఒక్కడూ అనలేదు ఆ మాట. చెవులు ఎర్రబడ్డాయి. ట్రాక్టర్ ఎక్కి, దాన్ని వెనక్కి నడిపి, గేటు బయట పెట్టి వచ్చాడు. మేరిట్ అప్పటికిగానీ చేతులు దించలేదు.

తిన్నగా కాఫీ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"కాఫీ ఉందా?"

ఆర్డిస్ చేతిలో కత్తి ఆగిపోయింది. కాఫీ పోసి కేకు ముక్క ముందుకు జరిపింది.

"వద్దు."

"తీసుకో."

"వద్దులే."

"తీసుకోరా!"

అప్పుడు తీసుకున్నాడు. మూడోసారి చెప్పకముందే చెయ్యి చాపడం అక్కడ మర్యాద కాదు.

"అక్కా, ఇది నీదే అనుకో. నేనింక పేచీ పెట్టను. ఎప్పటికీ నాగలి పడకూడదని మాత్రం ఇద్దరం కాగితం రాసేద్దాం. వాళ్ళు నాకు థాంక్స్ చెప్తుంటే సిగ్గేసింది. నువ్వు అడ్డుపడకపోతే ఆ ఏడే సోయా వేసేవాణ్ణి. ఆ థాంక్సన్నీ నీకు చెందాల్సినవి."

ఆర్డిస్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. సంచీలోంచి పసుపెక్కిపోయిన కాగితం మడత ఒకటి తీసి అతని ముందు పెట్టింది. ఓర్లిన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. సర్వేయరు కొలతల కాగితం. కొలిపించింది ఆర్డిస్. ఇరవై ఎకరాలూ ఓర్లిన్ వాటాలోవేనని ఉంది. కింద తేదీ, తగువు మొదలైన ఏడాదిది.

"నాదేనని తెలిసీ..." కళ్ళజోడు తీసేశాడు ఓర్లిన్. "తెలిసీ నలభై మూడేళ్ళు పోట్లాడావా అక్కా?"

ఆర్డిస్ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"పూలున్నాయి దున్నకురా అని మూడుసార్లు బతిమాలాను, నవ్వేశావు. నాది అన్నాను, ఆగావు."