ఏడో అధ్యాయంలో ఒక్క వాక్యం

“ఏడో అధ్యాయం అబద్ధమా? ఏ కడుపు నిండిన మారాజు కూశాడీ మాట?”

అచ్చుకు ముందే రాతప్రతి చదివిన ఎవరో అలా అన్నారని ప్రచురణ సంస్థ నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఆస్గర్ బల్లమీద కొట్టాడు. కాఫీ తొణికింది. అతని పుస్తకాన్ని దిద్దుతున్న సంపాదకురాలు మలీన కప్పును పక్కకు జరిపింది.

“ముందు కూర్చో,” అంది.

“కూర్చోను. రెండేళ్లుగా నీచేత చీవాట్లు తింటూ రాస్తున్నాను. ‘సైనికుల భాష వద్దు, మామూలు జనానికి అర్థమయ్యేలా రాయి’ అన్నావు. రాశాను. అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌లో బూట్లలో పడ్డ ఇసుక దగ్గర్నుంచి మరుగుదొడ్డి కంపు దాకా రాశాను. ఇంకేం కావాలి మీ పాఠకుడికి?”

“అదే నేనూ అడుగుతున్నాను. బూట్లలో ఇసుకకు మూడు పేజీలిచ్చావు. నీ దళంలోని విల్లస్ చావుకు ఒక్క వాక్యం. ‘బాంబు పేలింది, విల్లస్ ఆ క్షణంలోనే పోయాడు, నొప్పి తెలియలేదు.’ అది నీ రాతలా లేదు. ఎవరో బట్టీ పట్టించినట్టుంది.”

ఆస్గర్‌కు ఒళ్లు మండిపోయింది. నిజం నిష్ఠూరం అంటారు. అదీ ఎదుటివాళ్ల నోట వస్తే మరీను. ఆ వాక్యాన్ని దళమంతా కలిసి తయారుచేసుకుంది. ఇంటికి తిరిగొచ్చే విమానంలో ఇరవై ఏడుగురూ ఒక్కొక్కరే పైకి చెప్పి మరీ వల్లించారు. విల్లస్ తల్లి బోదిల్‌ను చూడ్డానికి ఎవరు వెళ్లినా అదే మాట చెప్పాలి, ఒక్క అక్షరం తేడా రాకూడదు. ఆమె వంటింట్లో నిలబడి అందరికంటే ముందు చెప్పింది సార్జెంటు ఆస్గరే.

విల్లస్ నిజానికి నలభై నిమిషాలు బతికాడు. హెలికాప్టర్ వచ్చేదాకా ఆస్గర్ ఒళ్లోనే ఉన్నాడు. తెలివి తప్పలేదు, మాట్లాడుతూనే ఉన్నాడు. మిగతావాళ్లు గోడ అవతల కాల్పుల్లో ఉన్నారు.

“ఆ వాక్యం మార్చను,” అన్నాడు ఆస్గర్.

“అయితే అధ్యాయమే తీసేద్దాం.”

“తీయనివ్వను. వాడి పేరు లేకుండా నా పుస్తకం రాదు.”

“మరి ఉన్నది ఉన్నట్టు రాయి.”

“వాడికి తల్లి ఉంది మలీనా.” అతను బల్లమీది ఉత్తరాన్ని నలిపేశాడు. “పదకొండేళ్లుగా ఆ తల్లి ఆ ఒక్క మాట పట్టుకుని నిద్రపోతోంది. దాన్ని ఆమె దగ్గర లాక్కుని మీ పాఠకుడి చేతిలో పెట్టనా? వాడు కోపెన్‌హేగన్‌లో సోఫామీద పడుకుని మావాడి చావు చదువుతాడు. పుస్తకం మూసి, ఉప్పుచేప పెట్టుకుని రొట్టె తింటాడు. రాబందు కూడా చచ్చేదాకా ఆగుతుంది. వీడికి చస్తుండగానే చూడాలట.”

మలీన ముఖం ఎర్రబడింది. “నోరు అదుపులో పెట్టుకో.”

“ఎందుకు పెట్టుకోవాలి? ఎవడో పేరు చెప్పు. వెళ్లి మొహంమీదే అడుగుతాను.”

“పేరు చెప్పొద్దన్నారు.”

“నన్ను అబద్ధాలకోరనడానికి నోరొచ్చింది, పేరు చెప్పుకోవడానికి దమ్ము లేదా?”

మలీన విసురుగా లేచింది. బీరువాలోంచి ఏడో అధ్యాయం కాగితాలు తీసి అతని ముందు పడేసింది.

“పేరు చెప్పొద్దన్నారు. చూపించొద్దనలేదు. చదువుకో.”

ఆస్గర్ కసిగా పేజీలు తిప్పాడు. ఆ వాక్యాన్ని ఎవరో అడ్డంగా కొట్టేశారు. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేశారు. దాని కింద పెన్సిలుతో వంకర అక్షరాలు.

“మీరు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఇదే వాక్యం అప్పజెప్పారు. మూడోవాడు నోరు తెరిచేసరికే నాకు అర్థమైంది. డాక్టరు రాసిన కాగితం ఆ ఏడాదే తెప్పించుకున్నాను. నలభై నిమిషాలు. మీ మొహాలు చూసి, నమ్మినట్టే ఉండిపోయాను. ఇక నావల్ల కాదు. ఆస్గర్, నా కొడుకు ఆఖరి మాటలు నీ దగ్గరున్నాయి. అవి నీవి కావు, ఇచ్చెయ్.”