తెల్ల కుచ్చు

"అత్తా, నీ చేతులు చూపెట్టు."

రాజేశ్వర్ గొంతు విని శైలజ వంటింట్లోంచి పరుగున వచ్చింది. గడప పక్కన కూర్చున్న ఆమె తల్లి నాగవ్వ, ఎందుకని అడగకుండా రెండు అరచేతులూ చాపింది. పచ్చగా ఉన్నాయి. కమ్మర్‌పల్లిలో పసుపు ఉడకబెట్టి, ఎండబోసి, కొమ్ములు ఏరే పని ముగించుకుని నాలుగు రోజుల కిందటే బోధన్‌కు, కూతురింటికి వచ్చింది. ఎంత సబ్బు రుద్దినా ఆ రంగు వదల్లేదు.

"చూసినవా?" రాజేశ్వర్ భార్య వైపు తిరిగాడు. "ఇంకేం సాక్ష్యం గావాలె నీకు?"

బల్ల మీద గాలాలు వరసగా పడి ఉన్నాయి. కొర్రమీనును మోసం చేయడానికి అతను ఇంట్లో తయారుచేసే ఉత్తుత్తి ఎరలవి. రబ్బరు తల, దాని కింద గాలం, చుట్టూ సన్నటి సిలికాన్ పోగుల కుచ్చు. నీళ్లలో లాగితే కుచ్చు విచ్చుకుని ముడుచుకుని, చేపపిల్ల ఈదుతున్నట్టే కనిపిస్తుంది. ఆ కుచ్చు పాలలా తెల్లగా ఉండాలి. కానీ ప్రతిదానికీ మెడ దగ్గర, పోగులు బిగించిన చోట, పసుపు మరక.

నిజామాబాద్‌లో గాలాల దుకాణం నడిపే లక్ష్మీరాజం పొద్దున్నే సరుకంతా బస్సులో తిప్పి పంపాడు. వెంటనే ఫోన్ కూడా చేశాడు. "రేపు చేపలకు పోచంపాడ్ డ్యామ్ పోయేటోళ్లు నా పాణం తీస్తున్నరు. తెల్లయి అడిగితే గీ మరకలేందయా? ఎవరు జేసిండ్రో తేల్చుకో. మాపటి వరకు మంచియి రాకుంటే ఇంకోని దగ్గర తీసుకుంట. మళ్ల నా దుకాణం మొకం చూడకు."

రాజేశ్వర్ పగలంతా చెరుకు లారీ నడుపుతాడు. ఇంటికొచ్చాక పసుపు వెలుగు బల్బు కింద కూర్చుని కుచ్చులు కడతాడు. ఈ రోజు లారీ మానుకుని ఇంట్లో కూర్చున్నాడు. కళ్లు మంటగా ఉన్నాయి.

"పోనీ నల్లయి కట్టరాదు?" అంది శైలజ. "నలుపు మీద మరక కనబడది."

"నలుపు బురద నీళ్లకు. ఇప్పుడు పోచంపాడ్ల నీళ్లు తేటగున్నయి. నల్లది చూస్తే చేప దగ్గరికి గూడ రాదు."

"ఆకుపచ్చయి?"

"గవి గడ్డిల పట్టేటోళ్లకు. రంగు ఎంచుకునుడంటే చీర ఎంచుకున్నట్టనుకున్నవా?"

"చీరల దుకాణంల గింత లొల్లి ఉండదు. వాళ్లు కూసోబెట్టి చాయ్ అన్న పోస్తరు."

అతను నవ్వలేదు. కొత్త తెల్లపోగుల పొట్లం చింపుతూ అన్నాడు, "ఆమె రాకముందు కట్టినవాటికి ఒక్క మరక లేదు. ఆమె వచ్చినంకనే మొదలైంది. గిదంతా ఉత్తగనే అయితదా?"

"పోగుల డబ్బాకు తాళమేస్తవు. తాళంచెయ్యి నీ మొలతాడుకే ఉంటది. అవ్వ ఎట్ల ముట్టుకుంటది?"

"నేను తానం జేసేటప్పుడు తీసిందేమో."

"మొలతాడు ఇప్పి తానం జేస్తవా?"

రాజేశ్వర్ తడబడ్డాడు. "నిద్రల తీసింది. నాకు బండ నిద్ర. నీకు ఎరుకే."

నాగవ్వ మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా లేచింది. "నేను ముట్టుకోలే అల్లుడా. ముట్టుకున్ననంటేనే నీ మనసు నిమ్మళమైతదంటే, గట్లనే అనుకో. నాకు కొట్లాడే ఓపిక లేదు."

లోపలికి వెళ్లి బట్టల సంచీ తెచ్చుకుంది.

"అవ్వా, యాడికే?"

"ఆర్మూర్ బస్సు ఉంటది గదా బిడ్డా. ఆడికెల్లి ఆటోల పోత."

శైలజ భర్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "గిప్పుడు పోతే మళ్ల ఈ గడప తొక్కది. ఆమె పట్టు నీకు తెల్వది."

అతను మళ్లీ బల్ల మీదకు వంగాడు. తెల్లపోగులు లెక్కచూడకుండా లాగి, గాలం మెడ చుట్టూ సర్దబోయాడు. అలసిన చేయి జారింది. గాలం మొన బొటనవేలిలో దిగింది.

"అబ్బా!"

గుమ్మం దాకా వెళ్లిన నాగవ్వ సంచీ కింద పెట్టింది. వెనక్కి వచ్చి, గూట్లోని కొబ్బరినూనె సీసా తీసింది. కొంగున కట్టిన పొట్లంలోంచి చిటికెడు పసుపు అరచేతిలో వేసుకుని, నూనెతో రంగరించి అతని బొటనవేలికి అదిమింది.

"రోజూ రాత్రి గిదే కథ నీకు, గిదే పసుపు నాకు. సూసి కట్టు బిడ్డా. నేనుండ ఇగ."

అంతే. సంచీ అందుకుని, చెప్పులు వెతుక్కుంటూ వాకిట్లోకి దిగింది.

రక్తం ఆగింది. రాజేశ్వర్ వేలు లుంగీకి తుడుచుకుని, మళ్లీ పోగులు అందుకున్నాడు. బొటనవేలితో గట్టిగా అదిమిపట్టి, దారం బిగించి ముడేశాడు. కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు.

తెల్ల కుచ్చు మెడ దగ్గర, అదే పసుపు మరక.

ఫోన్ మోగింది. శైలజే ఎత్తి స్పీకర్ పెట్టింది.

"ఏమాయె రాజేశ్వర్?" లక్ష్మీరాజం అరుపు ఇల్లంతా వినిపించింది. "దొరికిండ్రా? ఎవరయా గా పని జేసింది?"

వాకిట్లో నాగవ్వ చెప్పుల చప్పుడు గేటు దగ్గరికి చేరింది.

"నోట్లె ఏమన్న పెట్టుకున్నవా? పేరు జెప్పు!"

రాజేశ్వర్ తన బొటనవేలు చూసుకున్నాడు. ఆ తర్వాత గేటు దాకా వినిపించేలా గట్టిగా చెప్పాడు.

"రాజేశ్వర్!"