సాపు ప్రతి

సినిమాలో నవలా రచయితకు సెలవుల కథ ఒకటి ఎంతకీ కుదరడం లేదు. అతను కాగితాలు నలిపి బుట్టలోకి విసురుతుంటే హాలంతా నవ్వుతోంది.

"అచ్చం మీరే," అని మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఆ సెలవుల కథప్పుడు నన్నెంత కసురుకున్నారో గుర్తుందా?"

గుర్తుంది. నాకు పేరు తెచ్చింది ఆ ఒక్క కథే. ఏటా సెలవుల ముందు పత్రికవాళ్ళు దాన్ని మళ్ళీ వేస్తారు. ముగింపు చదివి ఏడ్చామని చెబుతారు జనం. నేను తల వంచుకుంటాను. వినయమనుకుంటారు.

నేను రాసిన ముగింపులో తండ్రి అలిగి బస్సెక్కి వెళ్ళిపోతాడు. అచ్చులో మాత్రం బస్సు దిగి, గొడుగు మర్చిపోయానంటూ ఇంట్లోకి వస్తాడు. నా కొట్టివేతల రాతను సాపు రాసి పోస్టు చేసేది మా ఆవిడే. అచ్చులో చూసిన రోజే ఆ మాట ఎత్తాల్సింది. ముప్పై ఏళ్ళు నోరు మెదపలేదు.

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. "ఆ గొడుగు ముక్క నీదే కదూ?" అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. "మీకు తెలుసా?"

"అచ్చయిన రోజు నుంచీ."

"అయ్యో రామ! ముగింపు మాటెత్తితే చాలు, మీరు తల దించేసుకునేవారు. మీ కథ పాడుచేసి పెట్టానని ఇన్నేళ్ళూ లోపల్లోపల చచ్చిపోయాను. తప్పయిపోయిందండీ."

నా తల దానంతటదే వంగిపోయింది. బలవంతాన ఎత్తాను.